చేతిలో ఉన్న 512 పబ్లిక్ ఐపీలు అందరికీ న్యాయంగా పంచడం ఎలా

ఊళ్ళో ఫైబర్ నెట్ నడుపుతున్న కేబుల్ ఆపరేటర్లకి, కొత్తగా ఐఎస్‌పీ లైసెన్సు తీసుకుని మొదటిసారి సొంత ఐపీ బ్లాక్ తీసుకోబోతున్నవాళ్ళకి ఇది రాస్తున్నా. ఇండియాలో ఇప్పుడు మీరు కొత్తగా అప్లై చేస్తే వచ్చేది మహా అయితే 512 ఐపీవీ4 అడ్రస్‌లు, అంతే (నెట్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరే ఐపీ అడ్రస్, అందులో పాత రకం ఐపీవీ4, బయట నెట్ మొత్తానికి కనిపించేది పబ్లిక్ ఐపీ). మీ కింద మూడు వేల ఇళ్ళు ఉండొచ్చు, రెండేళ్ళలో ఐదు వేలు అవ్వొచ్చు. ఎవరికి ఎంత, ఎవరికి అసలు అవసరం లేదు, రేపు వచ్చేవాళ్ళకి ఎంత ఉంచాలి అనేది మొదటిరోజే తేల్చుకోకపోతే ఆర్నెల్లలో గట్టిగా అడిగినవాళ్ళకీ మనకి బాగా తెలిసినవాళ్ళకీ వెళ్ళిపోతాయి, నిజంగా కావాల్సినవాళ్ళు వచ్చేసరికి ఏమీ ఉండదు.

నేను పనిచేసిన మొదటి నెట్‌వర్క్‌లో సరిగ్గా ఇదే అయింది. స్కాన్ సెంటర్ నడిపే ఒకాయన వచ్చి సార్, రాత్రిపూట డాక్టరుగారు ఇంటి నుంచి స్కాన్లు చూడాలి, బయట్నించి కనెక్ట్ అవ్వడానికి ఒక్క స్టాటిక్ ఐపీ ఇవ్వండి అన్నారు (ఎప్పుడూ మారకుండా ఆ ఒక్క కనెక్షన్‌కే ఉండే పబ్లిక్ ఐపీ). లేదు అని చెప్పాల్సి వచ్చింది. అదే టైమ్‌లో మా షీట్ తీసి చూస్తే, రెండేళ్ళ నుంచి వాడకుండా పడున్న ఐపీలు నలభై పైన ఉన్నాయి, అన్నీ ఎవరో ఒకరి పేరు మీద. ఆ రోజు నుంచి ఈ లెక్క నేను చాలా సీరియస్‌గా తీసుకుంటా.

ముందు 512 అనే అంకె ఎక్కడ్నించి వచ్చిందో తెలుసుకోండి

ఇది తెలిస్తే మీ కస్టమర్లకి మీరు పెట్టే రూల్స్ కూడా అదే దారిలో పెట్టుకోవచ్చు, అందుకే ముందు చెప్తున్నా.

ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు 429 కోట్లు. ప్రపంచం మొత్తానికి గోడౌన్ లాంటిది ఐయానా, దాని కింద అయిదు ప్రాంతాలకి అయిదు రిజిస్ట్రీలు, మనది ఏపీనిక్, ఆఫీసు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో. ఇండియాలో దాని కింద ఐఆర్‌ఐఎన్‌ఎన్ ఉంది, నిక్సీ (మన దేశ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ సంస్థ) వాళ్ళు 2012 నుంచి నడుపుతున్నారు. 2011 ఫిబ్రవరి 3న ఐయానా తన దగ్గర మిగిలిన ఆఖరి అయిదు పెద్ద బ్లాకులు అయిదు రిజిస్ట్రీలకి తలా ఒకటి ఇచ్చేసి గోడౌన్ మూసేసింది. అందరికంటే ముందు ఖాళీ అయింది మన ప్రాంతమే, ఎందుకంటే చైనా, ఇండియా, ఇండోనేషియా లాంటి జనం ఉన్న దేశాలన్నీ ఇక్కడే, నెట్ పెరిగిందీ ఇక్కడే. రెండున్నర నెలలు తిరక్కుండానే, 2011 ఏప్రిల్ 15కల్లా ఏపీనిక్ ఆ ఆఖరి బ్లాక్ దాకా వచ్చేసింది. అదే 103తో మొదలయ్యే బ్లాక్, మీ ఐపీ 103తో మొదలైతే అది ఆ ఆఖరి బస్తాలోదే.

కాలవ కింద వ్యవసాయం చేసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదట్లో ఉన్న పొలాలవాళ్ళు తూములు ఎత్తేసుకుంటే చివరి ఆయకట్టుకి నీళ్ళు రావు, వాళ్ళు చేసిన తప్పేమీ లేదు, పొలం చివర్న ఉంది అంతే. పాత పద్ధతే కొనసాగించి ఉంటే ఆ ఆఖరి బ్లాక్‌ని కూడా నాలుగైదు పెద్ద టెలికాం కంపెనీలు కొన్ని వారాల్లో తీసేసుకునేవి, అవసరం ఉందని కాగితాలు చూపించి మరీ, ఎందుకంటే వాళ్ళకి నిజంగానే అవసరం ఉంది. కానీ ఏపీనిక్ మెంబర్లు ముందే కూర్చుని రూలు మార్చేసుకున్నారు. ఇక మీదట ఎంత పెద్ద కంపెనీ అయినా ఎంత చిన్నదైనా ఆ బ్లాక్ లోంచి ఒక్కసారే ఇస్తాం, మహా అయితే స్లాష్ 22, అంటే 1024 (స్లాష్ పక్కన అంకె బ్లాక్ సైజు చెప్తుంది, అది ఒకటి పెరిగితే అడ్రస్‌లు సగమవుతాయి). ఆ బ్లాక్‌లో ఉన్నవి 1,67,77,216, అంటే 16,384 వాటాలు. 2019 ఫిబ్రవరిలో ఆ వాటాని స్లాష్ 23కి, అంటే 512కి తగ్గించారు, ఇంకొంతమంది కొత్తవాళ్ళకి అందాలని. 2011లో ఉన్నవాళ్ళు మనకోసం ఆ పని చేసి పెట్టారు కాబట్టే ఇన్నేళ్ళ తర్వాత అప్లై చేస్తున్న మీకు ఆ 512 వస్తున్నాయి, అప్పటికి మీ కంపెనీ పుట్టి కూడా ఉండకపోవచ్చు. నాకు ఇది చాలా గొప్ప విషయంగా అనిపిస్తుంది.

ఉత్తర అమెరికా రిజిస్ట్రీ ఆరిన్ ఇలాంటి సమాన వాటా పెట్టలేదు, ఐపీవీ6కి (అడ్రస్‌లు లెక్కలేనన్ని ఉన్న కొత్త రకం) మారేవాళ్ళకని పక్కన పెట్టిన కొంచెం లాంటివి తప్ప మిగతాదంతా అవసరాన్ని బట్టి ఇస్తూ పోయారు, 2015 సెప్టెంబర్ 24కి స్టాకు సున్నా. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వెయిటింగ్ లిస్టులో నిలబడాలి లేదా బయట కొనుక్కోవాలి, ఒక్కో అడ్రస్ ధర డాలర్లలోనే రెండంకెల్లో ఉంటుంది.

మొదటి పని: ఉన్నవి లెక్కపెట్టండి

బ్లాక్ చేతిలో ఉందా, ఇంకా అప్లై చేయాలా అన్నదాన్ని బట్టి ఇక్కడ ఒక మాట. అప్లై చేసేటప్పుడు ఏడాదిలో ఎలా వాడతారో ప్లాన్ అడుగుతారు, కాబట్టి కింద చెప్పే లెక్క ముందే వేసుకుంటే అప్లికేషన్‌కి కూడా పనికొస్తుంది. ఐపీవీ6 కూడా దాంతోపాటే అడగండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

ఒక షీట్ ఓపెన్ చేసి 512 వరసలు రాయండి, అవును, 512 వరసలూ. ప్రతి ఐపీ పక్కన ఎవరి దగ్గరుంది, ఏ తేదీన ఇచ్చాం, ఎందుకిచ్చాం, చివరిసారి ట్రాఫిక్ ఎప్పుడు కనిపించింది. ఎందుకిచ్చాం అనే గడిలో "అడిగారు" అని రాయాల్సి వస్తే అది ఇవ్వకూడని ఐపీ అని అర్థం.

పాత నెట్‌వర్క్ అయితే ఇక్కడే మీకు బోలెడు దొరుకుతాయి. ఎక్కువ వేస్టేజీ ఎక్కడుంటుందంటే ఒక్క స్టాటిక్ ఐపీ అడిగిన కస్టమర్‌కి స్లాష్ 30 కట్ చేసి ఇవ్వడంలో. స్లాష్ 30లో నాలుగు అడ్రస్‌లు, ఒకటి నెట్‌వర్క్‌కి పోయింది, ఒకటి బ్రాడ్‌కాస్ట్‌కి, ఒకటి మీ గేట్‌వే, కస్టమర్ వాడేది ఒక్కటే. నలభై మంది కస్టమర్లుంటే 160 ఐపీలు పోయాయన్నమాట, వాడేది 40. అదే పీపీపీఓఈ (కస్టమర్ యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద స్లాష్ 32గా, అంటే ఒక్క అడ్రస్‌గా ఇస్తే నలభై మందికి నలభయ్యే, 120 వెనక్కొచ్చేస్తాయి, ఒక్కరికి కూడా సర్వీస్ తగ్గదు. రౌటర్ నుంచి రౌటర్‌కి లింకులైతే స్లాష్ 31, అంటే రెండే అడ్రస్‌లు, వాడండి, లేదా అసలు పబ్లిక్ ఐపీ పెట్టకండి. ఓఎల్‌టీలు (మన వైపు ఉండే ఫైబర్ బాక్సులు), స్విచ్‌లు, టవర్ మీద రేడియోల మేనేజ్‌మెంట్‌కి పబ్లిక్ ఐపీ ఎక్కడైనా కనిపిస్తే ఈ రోజే తీసేయండి, అది వేస్టే కాదు, ఎవడో ఒకడు బయట్నించి లాగిన్ అవ్వడానికి ట్రై చేస్తూనే ఉంటాడు.

రెండో పని: వాటాలు కాగితం మీద పెట్టండి

మూడు వేల ఇళ్ళ నెట్‌వర్క్‌కి నేనైతే ఇలా చేస్తా. 512 అంటే రెండు 256లు కదా, ఒక 256 మొత్తం స్టాటిక్ ఐపీ కస్టమర్లకి. రెండో 256లో 128 సీజీనాట్‌కి (చాలా ఇళ్ళు ఒకే పబ్లిక్ ఐపీని పంచుకునే పద్ధతి), 64 ముట్టుకోకుండా పక్కన, 32 మన సొంత సర్వర్లకీ రౌటర్లకీ, మిగతా 32 వెనక్కొచ్చిన ఐపీలు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచడానికి. మీ ఊరిని బట్టి మార్చుకోండి కానీ ఆ 64ని మాత్రం తీసేయకండి. ఏపీనిక్ వాళ్ళు కూడా ఆ ఆఖరి బ్లాక్‌లో 65,536 అడ్రస్‌లు ఇప్పుడు మనకి తట్టని అవసరాలకి అని విడిగా ఉంచారు. ఏమొస్తుందో తెలీదు కాబట్టే ఉంచాలి. ఊళ్ళోకి కొత్తగా హాస్పిటల్ రావచ్చు, కాలేజీ రావచ్చు, మీ సీజీనాట్ బాక్స్ మార్చేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ కొన్నాళ్ళు పక్కపక్కన నడపాల్సి రావచ్చు.

ఈ కాగితం మీద మీరూ మీ పార్ట్‌నర్లూ సంతకం పెట్టండి. ఆ 64 ముట్టుకోవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి అని రాసుకోండి, ఎందుకంటే పండగ ముందు రోజు రాత్రి పది గంటలకి ఎవరో బాగా కావాల్సినవాళ్ళు ఫోన్ చేస్తారు, ఒక్కరే ఉంటే కాదనడం చాలా కష్టం.

మూడో పని: ఇళ్ళకి సీజీనాట్, కానీ పోర్టులు సమానంగా

మామూలు ఇంటి కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ విడిగా ఇవ్వలేం, ఇది నిజం. అందరూ ఒక ఐపీని పంచుకోవాల్సిందే. లోపల వైపు 100.64 నుంచి 100.127 దాకా ఉండే రేంజ్ వాడండి, 2012లో సరిగ్గా ఈ పనికోసమే దాన్ని కేటాయించారు, అందులో 41,94,304 అడ్రస్‌లున్నాయి. 192.168 వాడితే కస్టమర్ ఇంట్లో రౌటర్‌దీ అదే రేంజ్ అయి గుద్దుకుంటుంది, 10తో మొదలయ్యేది ఆఫీసు వీపీఎన్‌లతో గుద్దుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక పబ్లిక్ ఐపీకి 65,536 పోర్టులు (ఒకే ఐపీ మీద నడిచే ఒక్కో సంభాషణని విడిగా గుర్తుపట్టే నంబర్లు), మొదటి 1024 వదిలేస్తే 64,512. చాలామంది సీజీనాట్ పెట్టేసి ఈ పోర్టుల్ని ఎవరికి దొరికినన్ని వాళ్ళకి వదిలేస్తారు. అప్పుడు ఒక ఇంట్లో వైరస్ పట్టిన టీవీ బాక్సో, రాత్రంతా టోరెంట్ నడిపే కంప్యూటరో వేల పోర్టులు మింగేస్తుంది, అదే ఐపీ మీద ఉన్న పక్కింటి అమ్మాయికి ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంది, స్పీడ్ టెస్ట్ పెడితే స్పీడ్ ఫుల్లుగా చూపిస్తుంది కానీ పేజీలు సగం లోడై ఆగిపోతాయి, మన కాల్ సెంటర్ కుర్రాడు రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి అంటాడు. చివరి ఆయకట్టు కష్టమే ఇది కూడా, ఒకే ఐపీలోపల.

అందుకని పోర్ట్ బ్లాక్ పద్ధతి పెట్టండి. ఒక్కో కనెక్షన్‌కి 2016 పోర్టులు ఇస్తే ఒక ఐపీ మీద కరెక్టుగా 32 ఇళ్ళు, 128 ఐపీల మీద 4096 ఇళ్ళు. మూడు వేల ఇళ్ళకి ఇది హాయిగా సరిపోతుంది. ఇళ్ళు పెరిగితే 1008కి తగ్గించి ఐపీకి 64 ఇళ్ళు చేయొచ్చు, అంతకంటే కిందకి వెళ్ళొద్దని నా సలహా, ఈ రోజుల్లో ఇంటికి నాలుగు ఫోన్లు, ఒక టీవీ, రెండు కెమెరాలు మామూలే, ఒక్కో ఫోన్ ఒక్క యాప్ తెరిస్తేనే పదుల కొద్దీ కనెక్షన్లు పెడుతుంది. ఒక ఇంటి బ్లాక్ నిండిపోతే ఇబ్బంది ఆ ఇంటికే, పక్కవాళ్ళకి కాదు. నిండినప్పుడు మీకు అలర్ట్ వచ్చేలా పెట్టుకుని ఆ ఇంటికి మీరే ఫోన్ చేయండి, తొంభై పాళ్ళు ఏదో వైరస్సే ఉంటుంది, వాళ్ళకీ మేలు చేసినవాళ్ళవుతారు.

లాగ్స్ మర్చిపోవద్దు. లైసెన్సు షరతుల్లో రికార్డులు ఉంచాల్సిన టైమ్ 2021 డిసెంబర్‌లో ఏడాది నుంచి రెండేళ్ళకి పెంచారు. పోర్ట్ బ్లాక్ పద్ధతిలో ఇంకో లాభం ఇదే, ప్రతి కనెక్షన్‌నీ రాయక్కర్లేదు, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా ఏ పోర్టులు ఏ ఇంటివి అని ఒక్క లైను చాలు. పోలీసుల నుంచి లెటర్ వచ్చినప్పుడు ఐపీ, తేదీ మాత్రమే ఉండి పోర్ట్ నంబర్ లేకపోతే తొందరపడి ఏదో ఒక పేరు ఇచ్చేయకండి, ఆ ఐపీ వెనక 32 ఇళ్ళున్నాయి, పోర్టూ కరెక్ట్ టైమూ ఇవ్వండి అని రాతపూర్వకంగా మర్యాదగా అడగండి. తప్పు పేరు ఇస్తే ఏ పాపం తెలీని ఇంటి మీదకి పోతుంది.

నాలుగో పని: స్టాటిక్ ఐపీ ఎవరికివ్వాలో రూలు

ఒక కనెక్షన్‌కి ఒకటే. బయట్నించి లోపలికి రావాల్సిన పని ఉంటేనే. ఈ రెండు లైన్లు చాలు, మిగతాదంతా వీటి కిందకే వస్తుంది. డబ్బున్నాయనకి అయిదు, లేనాయనకి సున్నా అనే వేలం పద్ధతి పెట్టకండి. ఫీజు మాత్రం పెట్టండి, ఉచితంగా ఇస్తే ఎవరూ వెనక్కివ్వరు. నెలకి చిన్న మొత్తం బిల్లులో కనిపిస్తూ ఉంటే అవసరం తీరగానే వాళ్ళే ఫోన్ చేసి తీసేయమంటారు. అమెజాన్ క్లౌడ్ వాళ్ళు కూడా 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కి గంటకి 0.005 డాలర్ తీసుకుంటున్నారు, ఊరికే పడున్నదానికి కూడా.

అడిగినవాళ్ళలో సగంమందికి నిజానికి ఐపీ అక్కర్లేదు, వాళ్ళ పని అవ్వాలి అంతే. మొన్న కోళ్ళఫారం ఆయన ఫోన్ చేశాడు. తమ్ముడూ, ఫారంలో కెమెరాలు ఇంటి దగ్గర ఫోన్లో రావట్లేదు, కెమెరాలు పెట్టినతను స్టాటిక్ ఐపీ తీసుకోమన్నాడు అని. వెళ్ళి చూశా. మేత బస్తాల పక్కన స్టూలు మీద డీవీఆర్, దాని మీద దుమ్ము వేలు మందాన. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట్నించి వచ్చేదాన్ని లోపలి పరికరానికి పంపే సెట్టింగ్) పెట్టే ఉంది, కానీ వ్యాన్ (బయట నెట్ వైపు) పేజీలో ఐపీ 100.72తో మొదలవుతోంది, అంటే అది సీజీనాట్ వెనకుంది, ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయట్నించి ఏదీ రాదు. డీవీఆర్ మెనూలో క్లౌడ్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేసి స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ ఆయన ఫోన్‌తో స్కాన్ చేయించా, అక్కడే నిలబడి కోళ్ళని చూసుకున్నాడు. పాస్‌వర్డ్ కూడా మార్పించా, కంపెనీ పెట్టిందే ఉంది ఇంకా. ఆయనకి నెలనెలా ఫీజు తప్పింది, మాకు ఒక ఐపీ మిగిలింది.

కాబట్టి స్టాటిక్ ఐపీ అడిగిన ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి. ఏ పనికి, ఏ పరికరానికి, బయట ఎక్కడ్నుంచి కనెక్ట్ అవుతారు. బ్రాంచిల మధ్య వీపీఎన్, స్కాన్ సెంటర్, సొంత సర్వర్ నడిపే అకౌంట్స్ ఆఫీసు, వీళ్ళకి వెంటనే ఇవ్వండి. గేమ్ ఆడే పిల్లలు అడుగుతారు, వాళ్ళది కూడా నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయకండి, కానీ వాళ్ళకి ముందు ఐపీవీ6 ఆన్ చేసి చూడండి.

అయిదో పని: దొడ్డిదారులు మూసేయండి

సమాన వాటా అనగానే మనుషులు ఏం చేస్తారో పెద్ద రిజిస్ట్రీల దగ్గర ఇప్పటికే చూశాం. యూరప్ రిజిస్ట్రీ రైప్ 2012 సెప్టెంబర్‌లో మెంబర్‌కి 1024 అని పెడితే కొంతమంది ఒకే కంపెనీ తరఫున మెంబర్‌షిప్‌ల మీద మెంబర్‌షిప్‌లు తెరిచారు, ఒకే ఇంట్లో అయిదు రేషన్ కార్డుల్లాగా. 2019 నవంబర్ 25కి అక్కడా అయిపోయాయి. మన ప్రాంతంలో 103 బ్లాక్ తీసుకుని వెంటనే అమ్ముకోవడం మొదలైతే ఏపీనిక్ అయిదేళ్ళదాకా వేరేవాళ్ళకి బదిలీ చేయకూడదని రూలు తెచ్చింది. ఇది మీకూ వర్తిస్తుంది, 512 చేతికొచ్చాయి కదా అని కొన్ని ఎవరికైనా అమ్మేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి.

మీ లెవెల్లో కూడా ఇవే కనిపిస్తాయి. ఒకే షాపులో భార్య పేరు మీదొకటి, తమ్ముడి పేరు మీదొకటి కనెక్షన్ తీసుకుని రెండు ఐపీలు. అందుకే లెక్క మనిషి పేరు మీద కాకుండా కేబుల్ దిగిన అడ్రస్ మీద పెట్టండి. షాపు అమ్మేస్తే ఐపీ మీ దగ్గరకే రావాలి, కొన్నాయన మళ్ళీ అడగాలి. ఫ్రాంచైజీ కింద పనిచేసే కుర్రాళ్ళకి స్టాటిక్ ఐపీ ఇచ్చే అధికారం ఇవ్వకండి, వాళ్ళ మీద ఊళ్ళో ఒత్తిడి ఎక్కువ.

వెనక్కొచ్చిన ఐపీని ఆ రోజే ఇంకొకరికి ఇవ్వొద్దు. నెలన్నా ఖాళీగా ఉంచండి, స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూడండి, పాత రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఆ ఐపీకి తగిలించిన పేరు) తీసేయండి. లేకపోతే కొత్త కస్టమర్ పంపిన మెయిళ్ళన్నీ స్పామ్‌లోకి పోతాయి, ఎవరో చేసినదానికి ఈయన పడతాడు.

ఆరో పని: ఐపీవీ6 ఆన్ చేయండి

పై అయిదు పనులూ టైమ్ కొనుక్కోవడానికే. ఆ టైమ్‌లో ఐపీవీ6 పెట్టకపోతే ఈ రేషన్ అంతా దండగ, ఏపీనిక్ వాళ్ళు ఆఖరి బ్లాక్‌ని చిన్న చిన్న వాటాలు చేసింది కూడా కొత్తవాళ్ళు వీ6కి మారేటప్పుడు పాత నెట్‌తో మాట్లాడటానికి కొంచెమైనా వీ4 చేతిలో ఉండాలనే.

ఐఎస్‌పీకి మామూలుగా వచ్చే వీ6 బ్లాక్ స్లాష్ 32 (వీ6లో స్లాష్ లెక్క 128 దాకా వెళ్తుంది, కాబట్టి ఇక్కడ ఇది చాలా పెద్ద బ్లాక్). ఇంటికి ఒక స్లాష్ 56 చొప్పున ఇచ్చుకుంటూ పోతే ఎన్ని ఇళ్ళకి వస్తుందో లెక్క వేయండి, 1,67,77,216. పైన ఈ అంకె ఎక్కడో చూసినట్టుంది కదా, ఆసియా పసిఫిక్ మొత్తానికి మిగిలిన ఆ ఆఖరి 103 బ్లాక్‌లో అడ్రస్‌లు సరిగ్గా ఇన్నే. అందరూ కలిసి ఏళ్ళ తరబడి పంచుకుంటున్న అన్ని, మీ ఒక్క ఊరి నెట్‌వర్క్‌లో ఇళ్ళకి. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు రెండుసార్లు సరిచూసుకున్నా. అందుకే వీ6లో పిసినారితనం వద్దు, ఇంటికి స్లాష్ 64 ఒక్కటే ఇచ్చి సరిపెట్టకండి, స్లాష్ 56 ఇవ్వండి.

చేసే పద్ధతి, ముందు మీ ఆఫీసులో, తర్వాత మీ స్టాఫ్ ఇళ్ళల్లో, ఆ తర్వాత ఒక ఓఎల్‌టీ కింద ఇళ్ళకి. డీహెచ్‌సీపీవీ6 ప్రిఫిక్స్ డెలిగేషన్ (ఇంటి రౌటర్‌కి వీ6 బ్లాక్ దానంతటదే అందే పద్ధతి) ఆన్ చేసి, ఓఎన్‌యూల్లో (ఇళ్ళల్లో పెట్టే ఫైబర్ బాక్సుల్లో) వీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో ఖచ్చితంగా చూడాలి, పాత ఓఎన్‌యూలు కొన్ని వీ6 ఇస్తాయి కానీ తలుపు బార్లా తెరిచి పెడతాయి. యూట్యూబ్, ఫేస్‌బుక్, నెట్‌ఫ్లిక్స్ అన్నీ వీ6 మీద నడుస్తాయి కాబట్టి ఆన్ చేసిన రోజు రాత్రే సీజీనాట్ గ్రాఫ్ కిందకి దిగడం మీ కళ్ళతో చూస్తారు, అప్పుడు ఇంటికిచ్చే 2016 పోర్టులు తగ్గించాల్సిన అవసరమే వాయిదా పడుతుంది.

ఏడాదికోసారి

ఏప్రిల్ మొదటి వారంలో షీట్ తీసి మూడు నెలలుగా ట్రాఫిక్ లేని స్టాటిక్ ఐపీలన్నీ ఒక పక్కకి రాయండి. నేరుగా కట్ చేయొద్దు, ఫోన్ చేయండి. అన్నా, మీ స్టాటిక్ ఐపీ వాడకంలో లేదు, వచ్చే నెల నుంచి ఫీజు తీసేస్తాం, మళ్ళీ కావాలంటే మీకే ముందు ఇస్తాం అని చెప్పండి, మళ్ళీ ఇస్తామనే హామీ లేకపోతే ఎవరూ వదలరు. పదిహేను రోజులు టైమ్ ఇచ్చి, ఆ తేదీ షీట్‌లో రాసి, వెనక్కొచ్చినదాన్ని కొన్నాళ్ళు ఖాళీగా ఉంచే ఆ 32లోకి మార్చండి. ఇలా మొదటిసారి చేసిన ఏడాది వెనక్కొచ్చిన వాటిలో ఒకదాన్ని, ఖాళీగా ఉంచే నెల అయ్యాక, నేనే స్కూటర్ మీద వెళ్ళి ఆ స్కాన్ సెంటర్‌లో కాన్ఫిగర్ చేసి వచ్చా.